‘కిస్ మీ’ పాడినందుకే ఆ బృందం విడిపోయిందా?

పాటల పేజీ: మీ ఉత్తరాలు, అక్క జవాబులు

పోయిన నెల ఈ పేజీలో సిక్స్‌పెన్స్ నన్ ది రిచర్ అనే అమెరికా బృందం పేరు ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికే ఎక్కువ చోటు పోయింది. అందులో ఇద్దరు పిల్లల సంపాదన సంగతి ఉంది కాబట్టి తక్కువలో తేల్చబుద్ధి కాలేదు.

ప్రశ్న: అక్కా, వందనాలు. మా సంఘంలో వర్షిప్ టీమ్‌లో గిటార్ వాయిస్తాను. ఈమధ్య యూత్ మీటింగ్‌కి వచ్చిన ఒక ప్రసంగీకుడు మీరు రాసిన బ్యాండ్ గురించే చెప్పారు. దేవుని పాటలు పాడుతూ పైకొచ్చారట. పేరు రాగానే ‘కిస్ మీ’ అనే లోకసంబంధమైన పాట పాడారట. దేవుడు చెయ్యి తీసేశాడట, బృందం ముక్కలైపోయిందట. అది విన్న దగ్గర్నుంచి మా టీమ్‌లో కీబోర్డ్, డ్రమ్స్ వాయించే ఇద్దరూ బయట పెళ్లి రిసెప్షన్లకు వెళ్లడం మానేశారు. వాళ్ల ఇల్లు గడిచేది ఆ డబ్బుతోనే. ఆయన చెప్పింది నిజమేనా? (ఒక తమ్ముడు, తెనాలి)

జవాబు: తమ్ముడూ, వందనాలు. సూటిగా చెప్పేస్తాను, నిజం కాదు. ‘కిస్ మీ’ పాడారు, తర్వాత విడిపోయారు, ఆ రెండూ జరిగినవే. ఒకటి చేసినందుకు రెండోది శిక్షగా వచ్చిందన్నది మాత్రం ఆయన సొంతంగా కలిపిన ముడి. మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. కానీ బతికున్న మనుషుల కష్టాన్ని ప్రసంగంలో ఉదాహరణగా వాడుకునేటప్పుడు ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో కనుక్కుని మాట్లాడాలి. ఇక్కడ ఆ వరుసే తారుమారైంది.

టెక్సస్ రాష్ట్రంలో ఆస్టిన్‌కీ శాన్ ఆంటోనియోకీ మధ్య న్యూ బ్రౌన్‌ఫెల్స్ అనే ఊరు ఉంది. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరది. ఆ ఊరమ్మాయి లీ బింగమ్ చిన్నప్పుడే స్థానికంగా కంట్రీ పాటలు పాడేది. మ్యాట్ స్లోకమ్ అనే కుర్రాడు గిటార్, చెల్లో వాయిస్తాడు, పాటలు రాస్తాడు. ఇద్దరికీ పరిచయమైంది ఒక చర్చి రిట్రీట్‌లో. 1992 నుంచి బృందంగా పాడారు. పెళ్లయ్యాక ఆమె లీ నాష్ అయింది, ప్రపంచానికి ఆ పేరుతోనే తెలుసు. తొలి ఆల్బమ్ వచ్చేనాటికి ఆమెకు ఇంకా ఇరవై నిండలేదు. ఆ ఆల్బమ్ పేరుకు అర్థం ‘తండ్రిలేనివాళ్లూ విధవరాలూ’. అందులో ‘ట్రస్ట్’ అని ఒక చిన్న పాట ఉంది. దానికి ఆధారం సామెతలు మూడో అధ్యాయం అయిదో వచనం. “నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము.” మన ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద ఉండే వాక్యమే.

1995లో రెండో ఆల్బమ్ వచ్చింది. దానికి మరుసటి ఏడాది డవ్ అవార్డు దక్కింది. క్రైస్తవ సంగీతానికి అమెరికాలో ఇచ్చే పెద్ద బహుమతి అది. ఇక్కడిదాకా మీ ప్రసంగీకుడు చెప్పినట్టే ఉంది. తర్వాత జరిగింది మాత్రం ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ రెండు ఆల్బమ్‌లనూ విడుదల చేసింది ఆర్.ఇ.ఎక్స్. అనే చిన్న క్రైస్తవ రికార్డు సంస్థ. అది ఆర్థికంగా చితికిపోయింది. సంస్థ పోయినా ఒప్పందం పోలేదు. బృందానికి వేరే చోట రికార్డు చేసుకునే స్వేచ్ఛ లేకుండా పోయింది. ఊరూరా తిరిగి పాడుతున్నారు, జనం వస్తున్నారు, చేతిలో కొత్త పాటలున్నాయి, వాటిని బయటికి తెచ్చే దారి లేదు. ఇదంతా ‘కిస్ మీ’ ఎవరూ విననప్పటి సంగతి, తమ్ముడూ. వాళ్లు అచ్చంగా దేవుని పాటలు పాడే రోజుల్లోనే, దేవుని పాటల వ్యాపారంలోనే ఈ దెబ్బ తిన్నారు. కష్టం వచ్చిందంటే దేవుడు చెయ్యి తీసేశాడని లెక్కగడితే ఈ కష్టాన్ని ఏ పాట ఖాతాలో రాయాలి?

వాళ్లను అందులోంచి బయటికి లాగింది స్టీవ్ టేలర్. ఆయన స్వయంగా పేరున్న క్రైస్తవ గాయకుడు. 1997లో స్క్వింట్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థ పెట్టి, వీళ్ల మూడో ఆల్బమ్‌ను తనే నిర్మించి, ఆ ఏడాది నవంబరులో విడుదల చేశాడు. ఆల్బమ్‌కు బృందం పేరే పెట్టారు. దాన్ని నువ్వు మొదటి నుంచి చివరిదాకా వరుసగా వినాలి. మొదటి మూడు పాటల నిండా ఆ ఇరుక్కుపోయిన రోజుల బాధే. మూడో పాట పేరే ‘ది వెయిటింగ్ రూమ్’. ఆసుపత్రిలో, ఆఫీసుల్లో పేరు పిలిచేదాకా కూర్చునే గది ఉంటుందే, అది. ఎనిమిదో పాటలో కూడా ఆ నొప్పే. పాటలు రాసేవాడికి తన భూమి ఎండిపోతున్నట్టు అనిపించిన రోజులు అందులో వినిపిస్తాయి. నాకు ఆ ఆల్బమ్ మొత్తంలో ప్రాణం ఆ ఎనిమిదో పాటే. ఎంతమంది విన్నారో గానీ, వినాల్సినంత మంది వినలేదని నా బాధ.

ఆ బాధల పాటలు మూడూ అయిపోగానే వచ్చే నాలుగో పాట ‘కిస్ మీ’.

అంటే అది పేరొచ్చాక, దారి మళ్లాక పాడిన పాట కాదు. ఏడుస్తూ పాడిన పాటల పక్కనే, అదే ఆల్బమ్‌లో, అదే చేతులు వాయించిన పాట. ఆల్బమ్ వచ్చిన ఏడాది దాటాక గానీ అది జనంలోకి వెళ్లలేదు. 1999 జనవరిలో ‘షీ ఈజ్ ఆల్ దట్’ అనే సినిమా విడుదలైంది, అందులో ఈ పాట ఉంది. ‘డాసన్స్ క్రీక్’ అనే టీవీ సీరియల్‌లోనూ వినిపించింది. ఇక ఎక్కడ విన్నా అదే. అమెరికాలో ఏ పాట ఎంత ఆడుతోందో చెప్పే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. నేను మొదటిసారి విన్నది విశాఖపట్నంలో హాస్టల్ టీవీ గదిలో. పారిస్ వీధుల్లో నలుపు తెలుపుల్లో తీసిన వీడియో. ఆ వీడియో దర్శకుడూ స్టీవ్ టేలరే. పాడుతున్న అమ్మాయి చర్చి నుంచి వచ్చిందని అప్పుడు ఆ గదిలో ఎవరికీ తెలియదు, నాక్కూడా.

నువ్వు గిటార్ వాయిస్తావు కాబట్టి ఒక పని చెయ్యి. కేపో మూడో ఫ్రెట్ మీద పెట్టి సి కార్డ్ పట్టుకో. ఇప్పుడు రెండో తీగ మీదున్న చూపుడు వేలు ఎత్తెయ్. అది సి మేజర్ సెవెన్. ఆ వేలు మళ్లీ పెట్టి, చిటికెన వేలుతో మూడో తీగ మూడో ఫ్రెట్ నొక్కు. అది సి సెవెన్. మళ్లీ వెనక్కి, మేజర్ సెవెన్‌కి. చరణమంతా ఈ నడకే. చెయ్యి కదిలినట్టే ఉండదు, లోపల ఒక్క స్వరం మాత్రం షడ్జం నుంచి కాకలి నిషాదానికి, అక్కణ్నుంచి కైశికి నిషాదానికి దిగి మళ్లీ ఒక మెట్టు పైకి వస్తుంది. ఆ చిన్న దిగుడు మీదే పాటంతా ఊగుతుంది. మధ్యలో ఒక అకార్డియన్ వస్తుంది, మన హార్మోనియంకు దగ్గరి చుట్టం. లీ గొంతు సన్నగా, ఏ గమకమూ వెయ్యకుండా, పక్కింటి పిల్ల పాడుకుంటున్నట్టు ఉంటుంది. దీన్ని మోసపు పాట అనడానికి నాకు మనసు ఒప్పదు. ఒక అమ్మాయి పొలం గట్టున తన మనిషిని ముద్దు అడిగే పాట, అంతే.

ముద్దు అన్న మాటకే భయపడేవాళ్లకు నేను పరమగీతము తెరిచి చూపిస్తాను. ఒకటో అధ్యాయం రెండో వచనం. “నోటిముద్దులతో అతడు నన్ను ముద్దుపెట్టుకొనును గాక.” గ్రంథం మొదలయ్యేదే ఆ మాటతో. క్రీస్తుకూ సంఘానికీ పోలికగా దాన్ని చదివే సంప్రదాయం ఉంది, నాకు తెలుసు, నేనూ అలా విన్నదాన్నే. పోలికగా చదివినా ముద్దు ముద్దే కదా. దాన్ని పరిశుద్ధ గ్రంథంలో ఉంచడానికి దేవుడు సిగ్గుపడలేదు.

ఆ పాట ఊపులో ఉండగా లీ నాష్ డేవిడ్ లెటర్‌మన్ టీవీ కార్యక్రమానికి వెళ్లింది. బృందానికి ఆ పేరు ఎలా వచ్చిందని ఆయన అడిగాడు. ఆమె క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ రాసిన ‘మియర్ క్రిస్టియానిటీ’ పుస్తకంలోని ఒక చిన్న ముచ్చట చెప్పింది. ఒక పిల్లాడు నాన్న దగ్గర ఆరు పెన్నీలు, అంటే సిక్స్‌పెన్స్, అడిగి తీసుకుని, ఆ డబ్బుతోనే నాన్నకు బహుమతి కొనిస్తాడు. నాన్న సంతోషిస్తాడు. కానీ ఆయన దగ్గర కొత్తగా చేరిందేమీ లేదు, ఇచ్చింది ఆయన డబ్బే. ‘నన్ ది రిచర్’ అంటే అదే. మనం దేవుడికి ఏమిచ్చినా అంతే అని లూయిస్ చెప్పిన మాట. అమెరికా అంతా చూసే కార్యక్రమంలో, పెద్ద పాట చేతిలో ఉండగా, ఆ అమ్మాయి చెప్పుకున్న సాక్ష్యం ఇది. లోకంలో కలిసిపోయింది అన్నవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి కదా!

తర్వాత ఏమైందంటే, మళ్లీ అదే కథ. స్క్వింట్ వెనక ఉన్న పెట్టుబడి పెద్ద కంపెనీది. 2001లో ఆ సంస్థ స్టీవ్ టేలర్ చేతుల్లోంచి పోయింది. తర్వాత మాతృసంస్థ చేతులు మారింది. పూర్తయిన ఆల్బమ్ మూలన పడి ఉంది. కొత్తవాళ్లు వచ్చారు, కొత్త పాటలు కలపమన్నారు. చివరికి 2002 అక్టోబరులో రిప్రైజ్ సంస్థ నుంచి ‘డివైన్ డిస్కంటెంట్’ పేరుతో వచ్చింది. అందులో ‘బ్రీత్ యువర్ నేమ్’ అనే పాట పచ్చి ప్రార్థన. ‘కిస్ మీ’ తర్వాత కూడా వాళ్లు ప్రార్థనే పాడారు.

రెండు ఆల్బమ్‌ల మధ్య అయిదేళ్లు గడిచాయి. రేడియోలో అయిదేళ్లంటే ఒక తరం. ‘కిస్ మీ’ విన్న పిల్లలు కాలేజీలు దాటి ఉద్యోగాల్లో చేరిపోయారు. 2004 ఫిబ్రవరిలో బృందం ఆపేస్తున్నామని ప్రకటించింది. లీ అప్పుడే తల్లయింది. రెండుసార్లు ఎవరి కాగితాల కోసమో ఎదురుచూస్తూ యౌవనం ఖర్చయిపోయిన మనుషులు, చంటిబిడ్డను ఇంట్లో పెట్టుకుని మళ్లీ ఊరూరా బస్సులో తిరగలేమంటే అందులో తప్పేముంది? దాన్ని దేవుని ఉగ్రత అంటే వినడానికే నాకు కష్టంగా ఉంది.

ఇంకో మాట. నాలుగేళ్లు నిండకుండానే, 2007 చివర్లో లీ, మ్యాట్ మళ్లీ కలిశారు. 2008లో క్రిస్మస్ ఆల్బమ్ చేశారు. ముక్కలైపోయిందన్న ప్రసంగంలో ఈ అధ్యాయం లేదు.

మీ టీమ్‌లో ఆ ఇద్దరికీ ఈ పేజీ చూపించు. రిసెప్షన్‌లో వాయించి తెచ్చిన డబ్బుతో అమ్మకు మందులు కొంటే అది కష్టార్జితం. శనివారం రాత్రి పెళ్లిలో వాయించిన చేతులు ఆదివారం ఆరాధనకు పనికిరావని నేను చదివిన బైబిల్లో లేదు. వాళ్లకు మనసులో ఇంకా బరువుగా ఉంటే మీ పాస్టర్ గారితో కూర్చుని మాట్లాడమను. ఒక్కరోజు వచ్చి వెళ్లిపోయే ప్రసంగీకుడికంటే మీ ఇళ్ల సంగతి ఎరిగిన మనిషి మాట నయం.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నేను క్రైస్తవుణ్ణి కాదు, రాక్ సంగీతం అంటే ఇష్టం. రాక్ రాకే కదా. అందులో ‘క్రిస్టియన్ ఆల్టర్నేటివ్ రాక్’ అని వేరే గది ఎందుకు? ఆ పేరు ఎవరు పెడతారు? (పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: ప్రశ్న మంచిది. జవాబు భక్తిలో కంటే దుకాణాల్లో ఎక్కువ దొరుకుతుంది.

అరవైల చివర్లో కాలిఫోర్నియాలో జుట్టు పెంచుకున్న హిప్పీ కుర్రాళ్లు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చారు. గిటార్లు వదలకుండా వచ్చారు. 1969లో ల్యారీ నార్మన్ తెచ్చిన ఆల్బమ్‌ను ఈ సంగీతానికి తొలి అడుగుల్లో ఒకటిగా చెబుతారు. చర్చిలకు ఆ చప్పుడు నచ్చలేదు, మామూలు రేడియోకు ఆ మాటలు నచ్చలేదు. దాంతో వీళ్లకు వేరే దారి పడింది. వేరే రికార్డు సంస్థలు, వేరే రేడియో స్టేషన్లు, క్రైస్తవ పుస్తకాల షాపుల్లో వేరే అరలు వచ్చాయి. నాష్‌విల్ నగరం దీనికి కేంద్రమైంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1984 నుంచి 2012 దాకా కార్నర్‌స్టోన్ అనే ఉత్సవం జరిగేది. చప్పుడు మరీ ఎక్కువని చర్చీ, భక్తి మరీ ఎక్కువని లోకమూ పక్కన పెట్టిన బృందాలన్నీ అక్కడ వాయించేవి.

క్రైస్తవ షాపుల్లో అమ్ముడైన రికార్డులు చాలాకాలం దేశం మొత్తం అమ్మకాల లెక్కలోకే వచ్చేవి కావు. 1995లో రికార్డుల అమ్మకాలు లెక్కగట్టే సౌండ్‌స్కాన్ వాటినీ లెక్కించడం మొదలుపెట్టాక, వీటికి ఇంతమంది శ్రోతలున్నారా అని పెద్ద కంపెనీలు కళ్లు తెరిచాయి. జార్స్ ఆఫ్ క్లే అనే క్రైస్తవ బృందం పాట ‘ఫ్లడ్’ 1996లో మామూలు రాక్ స్టేషన్లలో మోగింది ఆ రోజుల్లోనే. అంతకుముందు 1991లోనే క్రైస్తవ గాయని ఎమీ గ్రాంట్ పాట ‘బేబీ బేబీ’ హాట్ 100లో ఒకటో స్థానానికి వెళ్లింది. తన పసికూతుర్ని చూసి రాసుకున్న పాట అది. వీడియోలో పక్కన ఒక మగవాడు కనిపించాడని దాని మీద కూడా దుమారం రేగింది.

ఇలా ఒక్కో పాట గోడ దాటుతుంటే, అసలు ఏది క్రైస్తవ పాట అన్న పేచీ వచ్చింది. డవ్ అవార్డులు ఇచ్చే గాస్పెల్ మ్యూజిక్ అసోసియేషన్ 1998లో దానికి ఒక నిర్వచనం రాసుకుంది. సాహిత్యం బైబిల్ సత్యం మీద ఆధారపడాలి, లేదా ఆరాధన కావాలి, లేదా సాక్ష్యం కావాలి, లేదా క్రైస్తవ దృక్పథం నుంచి పుట్టినట్టు స్పష్టంగా కనిపించాలి. చివరిదాన్ని ఎలా కొలుస్తారు? సిక్స్‌పెన్స్ లాంటివాళ్లు నలిగింది సరిగ్గా అక్కడే. 1999 గ్రామీ సంగీత అవార్డుల్లో వాళ్ల ఆల్బమ్ రాక్ గాస్పెల్ విభాగంలో పోటీకి నిలిచింది. మరుసటి ఏడాది అదే ఆల్బమ్‌లోని ‘కిస్ మీ’ పాప్ విభాగంలో నిలిచింది. ఒకే సీడీకి రెండు గదులు.

మన దగ్గర ఈ పేచీ వేరే రూపంలో జరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు మన రాగాల్లో, మన తాళాల్లో క్రీస్తును పాడారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పటికీ పాట పైన రాగం పేరు, తాళం పేరు వేసే అచ్చవుతుంది. రాగానికి మతం అంటగట్టనక్కర్లేదని ఆ పుస్తకం పట్టుకు పెరిగిన మాకు చిన్నప్పుడే తెలుసు. గిటార్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకో మర్చిపోతాం.

ప్రశ్న: అక్క గారికి వందనాలు. మా అబ్బాయి, వాడి స్నేహితులు కలిసి ఆరు క్రైస్తవ పాటలు రాసి, బాణీలు కట్టి, ఇంట్లోనే రికార్డు చేశారు. ఒక ఆడియో సంస్థవాళ్లు విని, యూట్యూబ్‌లో మేమే విడుదల చేస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. “దేవుని పనికి డబ్బు లెక్కలేంటమ్మా” అని కూడా అన్నారు. సంతకం పెట్టించాలా? (ఒక తల్లి, కాకినాడ)

జవాబు: అమ్మా, ఇవాళ పెట్టించకండి. ఆ కాగితాన్ని ముందు కాపీరైట్ తెలిసిన లాయరుకు చూపించండి. దేవుని పని అయినా కాగితం కాగితమే. పైన రాసిన బృందం జీవితంలో చాలా ఏళ్లు తినేసింది ఇలాంటి కాగితాలే.

లాయరు దగ్గరకు వెళ్లేముందు మీకు తెలిసి ఉండాల్సినవి కొన్ని రాస్తాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో దానికి పెద్ద సవరణ జరిగింది. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు హక్కులు సంస్థకు రాసిచ్చినా, ఆ రికార్డింగును వాడుకోవడం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు వాళ్లకే ఉంటుంది. దాన్ని సంస్థకు వదులుకుంటున్నాం అని రాయించుకున్నా చెల్లదు. వారసులకు గానీ, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ దాన్ని రాసివ్వడం కుదరదు.

పంతొమ్మిదో సెక్షన్ మీ అబ్బాయితో చదివించండి. హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నామో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికి మాత్రమే. అన్నిటికంటే ముఖ్యమైనది, తీసుకున్న ఏడాదిలోగా సంస్థ ఆ హక్కును వాడుకోకపోతే అది రద్దయినట్టే. కాకపోతే కాగితంలో వేరుగా రాసి ఉంటే కాగితం మాటే నెగ్గుతుంది. అందుకే “ఎప్పటికీ”, “ప్రపంచమంతటా”, “ఇకముందు రాయబోయే పాటలతో సహా” లాంటి మాటలు కనిపిస్తే అక్కడ వేలు పెట్టి ఆపండి. మూడోది మరీ ప్రమాదం. ఇంకా పుట్టని పాటల్ని పిల్లలు తాకట్టు పెట్టకూడదు.

ఇంకొకటి సంస్థతో సంబంధం లేనిది. ఆ పిల్లలు వాళ్లలో వాళ్లు కూడా ఒక పేజీ రాసుకోవాలి. ఏ పాట సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, బృందం పేరు ఎవరిది, యూట్యూబ్ ఛానల్ ఎవరి మెయిల్ మీద ఉంది, ఒకరు మానేస్తే ఏం చెయ్యాలి. స్నేహం బాగున్నప్పుడే ఇది పది నిమిషాల పని. పాడైన తర్వాత పెద్దమనుషుల పంచాయితీ అవుతుంది. నేను నేర్పిన క్వయిర్ పిల్లల్లోనే ఒక పాట కోసం అన్నదమ్ముల్లాంటి ఇద్దరు మాటలు మానేశారు. అందుకే మీ అబ్బాయి స్నేహితులందర్నీ ఒకసారి ఇంటికి పిలవండి, భోజనం పెట్టండి, ఆ పేజీ అప్పుడే రాయించండి.

ప్రశ్న: అక్కా, మేం డల్లాస్‌లో ఉంటాం. పిల్లల్ని తీసుకుని ష్లిటర్‌బాన్ వాటర్ పార్క్‌కి న్యూ బ్రౌన్‌ఫెల్స్ వెళ్లొచ్చాం గానీ, ఈ బృందం ఆ ఊరిదని మీ పేజీ చదివి గూగుల్ చేసేదాకా తెలియదు. వాళ్లు ఇంకా పాడుతున్నారా? ‘కిస్ మీ’ కాకుండా ఎక్కడ మొదలుపెట్టి వినాలి? (ఒక చెల్లి, డల్లాస్)

జవాబు: పాడుతున్నారు చెల్లీ. 2012లో ఒక ఆల్బమ్ వచ్చింది, తర్వాత చాలాకాలం అలికిడి లేదు. 2024లో పాత డ్రమ్మర్ డేల్ బేకర్, బేస్ వాయించే జస్టిన్ కేరీ కూడా తోడై కొత్త పాటలు విడుదల చేసి, అమెరికాలో ఊళ్లు తిరిగి పాడారు. మీ వైపు మళ్లీ వస్తే వెళ్లండి, ఎలా ఉందో నాకు రాయండి. నాకు ఆ అదృష్టం ఇంతవరకూ దొరకలేదు.

వినడానికైతే 1997 ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. షఫుల్ తీసేసి వరుసగా వినండి. ఆరో పాట దగ్గర ఆగుతారు చూడండి, అందులో చిలీ కవి నెరూడా కవిత వినిపిస్తుంది, లీ స్పానిష్‌లో పాడుతుంది. టెక్సస్‌లో పెరుగుతున్న మీ పిల్లలకు బళ్లో స్పానిష్ ఉంటే ఆ మాటలకు అర్థం వాళ్లనే అడగండి. తర్వాత ‘డివైన్ డిస్కంటెంట్’. ఆమె గొంతులో అయిదేళ్ల తేడా అక్కడ తెలుస్తుంది, కాస్త నిండుగా, కాస్త అలిసిపోయి ఉంటుంది. ఇక డిసెంబరులో వాళ్ల 2008 క్రిస్మస్ ఆల్బమ్ ‘ది డాన్ ఆఫ్ గ్రేస్’ ఇంట్లో పెట్టండి. క్రిస్మస్ పాటలంటే గంటలు మోగాల్సిందే అనుకునే ఇళ్లలో అది మొదట చప్పగా అనిపించవచ్చు, రెండోసారి వినేసరికి పిల్లలే పెట్టమంటారు. మ్యాట్ చెల్లో ఎక్కడ మొదలవుతుందో వాళ్లనే కనిపెట్టమనండి.

వచ్చే నెల పేజీకి ఉత్తరాలు పదిహేనో తేదీలోగా అందేలా రాయండి. తెనాలి తమ్ముడూ, ఆ ఇద్దరూ ఏమన్నారో నువ్వు తప్పకుండా రాయి.